సున్నం కొట్టిన రాయి

వాన సంగతిలో నా ముక్కు ఇంతవరకూ తప్పలేదు. ఈతవాగు చెరువు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. మబ్బు ఇంకా ఛత్తీస్‌గఢ్ గుట్టల అవతల ఉండగానే అది మా మీద కురుస్తుందా, చర్ల మీద కురుస్తుందా, ఊరికే బెదిరించి గోదారి దాటిపోతుందా అన్నది నా మిర్చి కళ్ళంలో కూర్చునే చెప్పేస్తాను. గాలి విషయంలో మాత్రం ఒకసారి దెబ్బతిన్నాను. ఆ గాలిదుమారం మా గొడ్ల కొట్టం రేకును ఎత్తుకుపోయి దుమ్ముగూడెంలో దించింది. వెతుక్కుంటూ పోతే, దాని కింద ఒకాయన చాయ్ దుకాణం నడుపుతున్నాడు. కిరాయి అడిగాను. ఒక చాయ్ పోసి పంపాడు. అందులో చక్కెర కూడా తక్కువే.

సరే, ఇది చాయ్ కథ కాదు. విశ్రాంతమ్మ కథ.

మా ఊరు జిల్లాకు పైకొసన, అడవి మొదలయ్యే చోట ఉంది. వాగుకు అడ్డంగా కట్ట పోసినప్పుడు క్రైస్తవుల పాత సమాధుల నేల నీళ్ళలోకి పోయింది. పూర్తిగా పోయినా ఒక దారిగా ఉండేది. అది వానాకాలంలో మునుగుతుంది, ఎండలు ముదిరేసరికి మళ్ళీ తేలుతుంది. నల్లటి ఒండ్రు మధ్య రాళ్ళ తలలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. అమ్మానాన్నలు అక్కడున్నారని, ఎండాకాలంలో ఎవరు పోయినా అక్కడే పూడ్చేవాళ్ళు. ఈస్టరు ముందు అందరూ వచ్చి రాళ్ళకు సున్నం కొట్టి, పండుగనాడు తెల్లవారుతుండగా కొవ్వొత్తులు పెట్టి పాడేవాళ్ళు. విశ్రాంతమ్మ కూతురు స్తుతి అక్కడే ఉంది. నాలుగేళ్ళ పిల్ల. జ్వరంతో పోయింది. ప్రతి ఏడూ విశ్రాంతమ్మ సున్నం కొట్టే రాయి మద్దిచెట్టు మొద్దు పక్కన, మిగతా వాటికి కాస్త ఎడంగా ఉంటుంది.

ఆ ఏడు ఈస్టరు మార్చిలోనే వచ్చింది. ఊరి పక్క తండాలో హోలీ, వీళ్ళ గుడ్ ఫ్రైడే పక్కపక్కనే పడ్డాయి. నీళ్ళు ఇంకా సరిగ్గా దిగనే లేదు. మద్ది మొద్దు దగ్గర రాయి మెడదాకా తేలి అక్కడే ఆగిపోయింది.

మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక జస్టిన్ పాస్టరు గారు అందరినీ కూర్చోమన్నారు. చేతుల్లో ఈతమట్టలు పట్టుకునే కూర్చున్నారు.

"వచ్చే ఏడు కట్ట ఎత్తు లేపుతరంట. ఇగ ఆ నేల ఎండకాలంల గూడ తేలదు. రోడ్డు పైన గుట్ట మీద మనకు జాగ ఇచ్చిండ్రు. ఎవరి రాయి వాళ్ళు, ఇంత మట్టి తీసుకొని శనివారం లోపల ఆడ పెట్టుకోండ్రి. పండుగ పొద్దున ప్రార్థన గుట్ట మీదనే."

విశ్రాంతమ్మ తల తిప్పి మగవాళ్ళ వైపు చూసింది. ఆమె పెనిమిటి లూకా చేతిలోని మట్టను ఈనె ఈనెగా చీలుస్తున్నాడు. తల ఎత్తలేదు.

లూకా తాపీ మేస్త్రి. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ సాయంత్రం ఇంటి ముందు గడ్డపారకు అంటిన సిమెంటు గీకుతూ కూర్చుంటే విశ్రాంతమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"రేపు పోదాం," అంది.

"రేపు దుమ్ముగూడెంల స్లాబు ఉన్నది."

"ఎల్లుండి?"

"చూద్దాం తియ్యి. నీళ్ళు దిగనీ."

"దిగుతయో ఎక్కుతయో నీకెట్ల ఎరుక?"

"పిచ్చయ్య మామనడుగు. ఆయన ముక్కుకెరుక."

పిచ్చయ్య అంటే నేనే. మర్నాడు ఆమె నా కళ్ళంలో తాలుకాయలు ఏరడానికి వచ్చింది. ఎండిన మిర్చిలో రంగుపోయి తెల్లబడినవి వేరు చేసే పని అది. ముక్కుకు కొంగు కట్టుకుని, ఎర్రకుప్ప ముందు కూర్చుని, కళ్ళు కాయల మీదే ఉంచి అడిగింది.

"మామా, శనివారం దాక వాన వస్తదా?"

నేను లేచి నాలుగు దిక్కులూ వాసన చూశాను. "రాదు బిడ్డా. అది ఉత్త మబ్బు. గోదారి దాటి పోతది. ఈ వారం సుక్క రాలితే నా మీసం తీపిచ్చుకుంట."

ఆ మాట నమ్మిన మనిషి ఊరు మొత్తంలో ఒక్కడే. అది నేనే. అందరూ తమ మిర్చి మీద పట్టాలు కప్పుకుంటే నేను నా కళ్ళం ఆకాశానికి అప్పగించి అన్నానికి పోయాను. మొదట గాలి వచ్చింది, వెనకాలే రాళ్ళవాన. అంత లావు రాళ్ళు మళ్ళీ పడలేదు. ఒకదాన్ని తెచ్చి కుడితి తొట్టిలో వేస్తే మా బర్రె మూడు రోజులు చల్లటి కుడితి తాగింది. నా మిర్చి చెరువు దాకా ఈదుకుంటూ పోయింది. విశ్రాంతమ్మ ఆ రాళ్ళలోనే పరుగెత్తి వచ్చి పట్టాకు ఒక కొస పట్టుకుంది. అప్పటికి కప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

"మామా, నీ ముక్కుకు పడిశం పట్టిందా?" అంది, నెత్తి మీద మంచుముక్కలు దులుపుకుంటూ.

ఇద్దరం నవ్వాం. ఆ వారంలో ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. మీసం సంగతి ఎవరూ అడగలేదు కనుక ఉంచుకున్నాను.

తర్వాత రోజులు కుదురుగా లేవు. పొద్దున చురుక్కుమనే ఎండ. మధ్యాహ్నం చెరువు మీది నుంచి దుమ్ముగాలి. పొద్దు వాలేసరికి వాన. అడవిలో ఇప్పపువ్వు రాలింది రాలినట్టే నల్లబడి కుళ్ళింది. పైన గుట్టల్లో ఎంత కురిసిందో, చెరువులోకి ఎర్రనీళ్ళు రావడం మొదలైంది. ఒక్కొక్క కుటుంబమే గడ్డపార, తట్ట పట్టుకుని దిగి తమ రాళ్ళు తీసుకుని గుట్ట ఎక్కింది. విశ్రాంతమ్మ పని దిగగానే కట్ట మీదికి వచ్చి నిలబడేది. రాయి మెడదాకా ఉండేది కాస్తా, నెత్తి మాత్రమే కనబడేదాకా వచ్చింది. ఇంటికి పోయి లూకాను అడిగేది. ఒకనాడు స్లాబు, ఒకనాడు నడుము నొప్పి, ఒకనాడు ఇసుక రాలేదు.

"కన్నబిడ్డ రాయి తేనీకి నడుము నొస్తదా నీకు?" అందట గురువారం. లూకా చెంబు తీసుకుని బయటికి పోయాడట.

శుక్రవారం గుడిలో మధ్యాహ్నం ప్రార్థన. ఆమె పొద్దున్నే గడ్డపార భుజాన వేసుకుని, ఒక యూరియా సంచి చంకన పెట్టుకుని ఒక్కతే బయలుదేరింది. నేను కట్ట మీద నా తడిసిన మిర్చిని ఎండకు చూపిస్తున్నాను. తండా వైపు నుంచి హోలీ డప్పు, ఆడవాళ్ళ పాట గాలికి వస్తూ పోతూ ఉన్నాయి.

మోకాలు లోతు దిగింది. చీర ఎగదోపుకుంది. మద్ది మొద్దు పక్కన కాలితో తడిమి, నీళ్ళలోనే గడ్డపార మొన ఆనించి పట్టు చూసుకుంది. రాయి పొత్రం కంటే కాస్త పెద్దది, నల్లరాయి. నిరుటి సున్నం నెత్తిన ఇంకా కొద్దిగా ఉంది. ఒక పక్కన ఉలితో చెక్కిన చిన్న సిలువ. ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి కుళ్ళగించింది. రాయి కదిలింది గాని బురద వదల్లేదు.

అప్పుడు ఒడ్డున ఇప్పచెట్టు కింద ఉన్న మనిషి లేచి నీళ్ళలోకి వచ్చింది. సోమ్లా పెండ్లాం గోరి, తండా మనిషి. ఆమె కూడా అప్పుడప్పుడు నా కళ్ళంలో పనికి వస్తుంది.

"నువ్వేందే ఈడ? హోలీ ఆడుతలేవా?" అంది విశ్రాంతమ్మ.

"ఇప్పపువ్వు ఏరుదామని వచ్చిన."

"ఈ వానకు పువ్వేడున్నదే పిచ్చిదానా?"

గోరి గంపలో పువ్వు లేదు. ఆకులో చుట్టిన బెల్లం ముక్క ఉంది. ఆమె గంపను మొద్దు మీద పెట్టి రాయి వైపు చూసింది.

"తీసుకపోతున్నవా అక్కా?"

"తీసుకపోక? వచ్చే ఏడు మునిగిపోతదంట కదా."

"అవ్. మునిగిపోతది."

"అట్ల నిలబడకపోతే ఓ చెయ్యెయ్యరాదు?"

గోరి వంగింది. విశ్రాంతమ్మ గడ్డపారతో ఎత్తిపడితే, గోరి రెండు చేతులూ నీళ్ళలో పెట్టి బురదను తోడింది. రాయి వదిలాక అది ఉన్న గుంతలో నుంచి మట్టి తీసి సంచి సగందాకా నింపారు. గోరి పిడికిలితో తీసి, నీళ్ళు పిండి, మెల్లగా వేసింది.

"ఏడ పెడ్తవ్ అక్కా?"

"గుట్ట మీద. తుమ్మచెట్ల పక్కన."

"ఆడ ఎండ బాగ కొడతదా?"

"రాయికి ఎండేంది, వానేంది? నువ్వు గూడ పిచ్చయ్య మామ తీరు తయారైనవ్," అంది విశ్రాంతమ్మ. కొంగు పిండి, చుట్ట చుట్టి నెత్తిన కుదురు పెట్టుకుని, నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. "జర ఎత్తవే."

గోరి ఒక చెయ్యి రాయి అడుగుకు పోనిచ్చింది. ఇంకో చెయ్యి పైకొసకు వెనకగా ఆనించింది. అట్లా రొమ్ముకు దగ్గరగా తీసుకుని, నిదానంగా లేచి, కుదురు మీద పెట్టింది. పెట్టినా చేతులు తియ్యలేదు.

"వదులు. పట్టుకున్న," అంది విశ్రాంతమ్మ.

గోరి ముందు రాయి అడుగునున్న చెయ్యి తీసింది. వెనక చెయ్యి ఇంకాసేపు ఉంచి, తర్వాత తీసింది.

కట్ట దాకా సంచి తనే మోసుకొచ్చి ఇచ్చింది. విశ్రాంతమ్మ రాయితో ఊరి దారి పట్టింది. మధ్యాహ్నం ప్రార్థనకు తడిబట్టలతోనే పోయిందని తర్వాత విన్నాను. గోరి మళ్ళీ నీళ్ళలోకి దిగి మొద్దు దాకా పోయి, ఆకు విప్పి, బెల్లాన్ని ఆ గుంత ఉన్నచోట వదిలింది. చేపలకు వేస్తోందనుకున్నాను. ఆడవాళ్ళ పనులు నాకేం తెలుసు.

శనివారం పొద్దున ఎండ కాసింది. విశ్రాంతమ్మ గుల్లసున్నం పాత కుండలో వేసి నీళ్ళు పోసింది. అది కుతకుతా ఉడికింది. చిటికెడు నీలిమందు కలిపింది. ఈతమట్ట కొసను రాతి మీద దంచి పీచు తీసి కుంచె చేసుకుంది. రాయి గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉంది. లూకా రాత్రి నుంచి దాని వైపు చూడకుండానే లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు.

సంచిలో మట్టి గడ్డకట్టింది. ఆమె చాప మీద కుమ్మరించి గడ్డలు చిదుపుతూ కూర్చుంది. ఒక గడ్డలో నుంచి తెల్లగా ఏదో జారింది. గవ్వ. దాని వీపున బెజ్జం, బెజ్జంలో కుళ్ళిన నల్లదారం పోగు. తండా పసిపిల్లల మొలతాడుకు కట్టే గవ్వ అది. స్తుతి మొలకు అలాంటిది ఏనాడూ కట్టలేదు.

ఆమె దాన్ని చీర మడతకు తుడిచింది. అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. కొంగున ముడి వేసుకుంది. లేచి సున్నం కుండ దగ్గరికి పోయి కర్రతో కలపసాగింది.

"ఓ లూకా."

పెనిమిటిని పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో లేదు. లూకా గుమ్మంలో ఆగిపోయాడు.

"ఈ రాయి నువ్వు పెట్టిందేనా?"

అతను గోళ్ళలోని సిమెంటు గీక్కున్నాడు. గడప మీద కూర్చున్నాడు.

"నేను పెట్టింది బూడిద రంగుది. పలక లెక్క ఉంటది. నా చేతి పని నాకు తెల్వదా?" అన్నాడు. "మొదటి ఏడు నీళ్ళు దిగినంక అంతా ఎతికిన. దొరకలే. నువ్వు పూలు పట్టుకొని ఆ మొద్దుకాడ నిలబడి ఇదే, ఇదే అని దాని మీద పడి ఏడ్చినవ్. సిలువ అరిగిపోయినట్టున్నదన్నవ్. కాదని ఎట్ల చెప్పాలె? తెల్లారి ఉలి తీసుకపోయి సిలువ చెక్కిన."

సున్నం కలిపే కర్ర ఆగలేదు. కుండ అంచు మీది నుంచి సున్నం తొణికి ఆమె పాదాల మీద పడింది. లూకా లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి పాదాల మీద పోశాడు. ఆమె పోయనిచ్చింది.

"మరి నా బిడ్డ ఏడున్నది?"

లూకా మళ్ళీ చెంబు ముంచుకొచ్చి పోశాడు.

పండుగ పొద్దున నేను కూడా గుట్ట మీదికి పోయాను. ప్రార్థన అయ్యాక చాయ్, బన్ను ఇస్తారు. ఏ దేవుడి పండుగైనా చాయ్ దగ్గర నాకు పట్టింపు లేదు. తూర్పు తెల్లబడుతోంది. సన్నటి తుంపర. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే చేతులు అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించుకుంటున్నారు. కొత్తగా పాతిన రాళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి, విశ్రాంతమ్మ పాతిన రాయి తప్ప. సున్నం కుండ పక్కనే పెట్టుకుని ఆమె నిలబడి ఉంది.

తుమ్మకంప కంచె అవతల గోరి నిలబడి ఉంది. విశ్రాంతమ్మ పోయి కంప పక్కకు లాగింది.

"లోపటికి రా."

"వద్దు అక్కా. ఏమన్న అంటరు."

"రమ్మంటున్న కదా." చెయ్యి పట్టుకుని రాయి దాకా తీసుకొచ్చింది. "నీ బిడ్డనా?"

గోరి నేల చూసింది. "పిల్లగాడు. ఆ మొద్దుకాడ పెట్టినం."

"పేరేంది?"

"పెట్టలే అక్కా. మొదటి హోలీకి పెడ్దామన్నరు. హోలీ రాకముందే పోయిండు."

"ఇన్నేండ్లు నోరిప్పలేదేందే?"

"ఏమని ఇప్పాలె?" గోరి తడి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంట్ల ఏడిస్తే మా అత్త తిట్టేది. పాలు తాగే పిలగానికి ఏడుపేంది, మళ్ళ పుడతరు అనేది. నువ్వు ఆడికొచ్చి ఏడుస్తుంటే నేను ఇప్పచెట్టు కింద కూసోని ఏడ్చేదాన్ని. నువ్వు పాట పాడుతుంటివి. వాడు గూడ వింటుండు లే అనుకున్న."

విశ్రాంతమ్మ ఆమె చెయ్యి వదిలేసింది. చెరువు వైపు తిరిగింది. గుట్ట మీది నుంచి చూస్తే చెరువంతా ఎర్రగా, ఎక్కడా ఒక రాయి తల కూడా లేకుండా ఉంది.

"అయితే ఇన్నేండ్లు నా బిడ్డకు ఎవ్వరూ పాడలే," అంది.

విశ్రాంతమ్మ వంగి కుంచె సున్నంలో ముంచి, గోరి చేతికిచ్చింది. గోరికి సున్నం కొట్టడం రాదు. ఒకచోటే మళ్ళీ మళ్ళీ రాస్తోంది. విశ్రాంతమ్మ ఆమె మణికట్టు పట్టుకుని పై నుంచి కిందికి నడిపించింది. సిలువ గాడి దగ్గరికి వచ్చేసరికి గోరి ఆగింది.

"ఇది ఉండనీ అక్కా. ఉంటే ఏమైతది?" అంది.

పాస్టరు గారు ఒక్కొక్క రాయి దగ్గర ఆగి, పేరు పలికి, ప్రార్థన చేస్తూ వస్తున్నారు. వీళ్ళ దగ్గరికి వచ్చి కళ్ళు మూసుకుని "మా చిన్నబిడ్డ స్తుతి..." అని మొదలుపెట్టారు.

"అయ్యగారూ, స్తుతి కాదు," అంది విశ్రాంతమ్మ. "పిలగాడు. పేరు పెట్టలే."

ఆయన కళ్ళు తెరిచారు. గోరిని చూశారు, గోరి చేతిలో కుంచెను చూశారు. "మరి స్తుతి ఏదమ్మా?"

ఆమె చెయ్యి ఎత్తి చెరువును చూపించింది. ఆయన అటు చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. పేరు లేని బిడ్డకు ఏం ప్రార్థన చేశారో గాలికి నాకు సరిగ్గా వినబడలేదు.

అందరూ చాయ్ దగ్గర చేరాక విశ్రాంతమ్మ మిగిలిన సున్నం కుండ ఎత్తుకుని గుట్ట దిగింది. లూకా వెనకాలే దిగాడు. గోరి కట్ట దాకా వచ్చి ఆగింది. నేను చాయ్ గ్లాసుతో ఆమె పక్కన నిలబడ్డాను. నీళ్ళ అంచున విశ్రాంతమ్మ లూకాను అడిగింది. "ఏడ?"

లూకా చెయ్యి చాపాడు. దించాడు. మళ్ళీ ఇంకోవైపు చాపాడు. గోడలు నిలువుగా ఉన్నాయో లేదో ఒంటి కన్నుతో చెప్పే మేస్త్రి. రెండు చేతులూ ముఖానికి పెట్టుకుని ఒడ్డున కూర్చుండిపోయాడు.

ఆమె తనకు తోచినచోట మొలలోతు దిగి కుండ వంచింది. ఎర్రనీళ్ళ మీద సున్నం తెల్లగా కాస్త దూరం పోయింది. అది కలిసిపోయేదాకా చూసి, అక్కడే నిలబడి, ఆ పాట మొదటినుంచి చివరిదాకా పాడింది. గోరికి ఆ పాట మాటలు రావు గాని రాగం వచ్చు. కట్ట మీది నుంచి ఆమె కూడా అందుకుంది.

ఇక నా అబద్ధం సంగతి. మా బర్రె చల్లటి కుడితి తాగిందంటే మీరు నమ్మి ఉండరు. అది నిజమే. మూడు రోజులు కాదు, ఒక్క పూట. దుమ్ముగూడెం చాయ్‌లో చక్కెర తక్కువైన మాట కూడా నిజం. ఈ కథలో నేను కల్పించింది గవ్వ ఒక్కటే. సంచి మట్టిలో ఏమీ దొరకలేదు. లూకాను అడిగింది నిజం, సున్నం నిజం, పాట నిజం. గవ్వ లేకుండా ఆమెకు ఎట్లా తెలిసిందో చెబితే మీరు నమ్మరని దాన్ని నేనే ఆ మట్టిలో వేశాను.

వైశాఖంలో మళ్ళీ నా కళ్ళంలో తాలు ఏరుతూ విశ్రాంతమ్మ నాతో చెప్పింది. గోరి రాయిని ఎత్తించినప్పుడే తెలిసిందట. తెలిసే ఇంటిదాకా మోసింది.

"పైకొస కింద చెయ్యి పెట్టి పట్టింది మామా, మెడ నిలవని పసిగుడ్డును అందిచ్చినట్టు," అంది. "రాయికి మెడేడుంటది?"